హెచ్‌టీట్రాక్: అప్‌డేట్ నొక్కే ముందు ఒక టిక్కు పెట్టుకోండి

వెబ్‌సైటు మొత్తాన్ని కంప్యూటర్లోకి దించుకుని నెట్ లేకుండా చూసుకునేవాళ్ళకు, ఆ పని చేసిపెట్టే హెచ్‌టీట్రాక్ సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. 1998 నుంచి ఉంది, ఉచితం, దాని కిటికీలు చూస్తే ఆ వయసు తెలుస్తూనే ఉంటుంది. నేను ఏళ్ళ తరబడి వాడుతున్నాను, ఇకముందూ వాడతాను. అయినా దాని అప్‌డేట్ పద్ధతి మీద, అంటే దించుకున్న నకలును సైటుతో మళ్ళీ సరిచూసే తీరు మీద, నాకున్న కోపం మాత్రం తగ్గలేదు. సైటులో కనబడకుండా పోయిన ఫైళ్ళను అది మన డిస్కులోంచి కూడా తుడిచేస్తుంది. ముందు అడగదు. వద్దనాలంటే ఆ సంగతి మనమే వెతికి పట్టుకోవాలి.

నాకు పాత వాల్వు రేడియోలు బాగుచేసే అలవాటు ఉంది. మర్ఫీ, బుష్, ఫిలిప్స్, ఏది దొరికితే అది. పని చేసుకునే రేకుల షెడ్డులో ఫోనుకు సిగ్నల్ అందదు. రేడియో లోపలి ఛాసిస్ (లోహపు చట్రం) విప్పి, రెండు వందలకు పైగా వోల్టులున్న తీగల మధ్య మీటరు పెట్టినప్పుడు, ఈఎల్84 వాల్వు ఏ పిన్ను దగ్గర ఎంత రావాలో చూసుకోవడానికి బయటికి పరిగెత్తలేం. సర్క్యూట్ బొమ్మ ఎదురుగా ఉండాలి. ఇలాంటి సమాచారం దొరికే సైట్లు చాలావరకు ఎవరో ఒక పెద్దాయన సొంత డబ్బుతో, సొంత ఓపికతో నడిపేవే. ఆయన ఓపిక అయిపోతే సైటూ పోతుంది. అందుకే దాచుకోవడం మొదలుపెట్టాను.

ఈ పనికి హెచ్‌టీట్రాక్ చాలా బాగా సరిపోయింది. పేజీల్లోని లింకులన్నింటినీ మన ఫోల్డర్లోని ఫైళ్ళవైపు తిప్పి రాస్తుంది కాబట్టి ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులో వేసి ఏ కంప్యూటర్లో పెట్టినా బ్రౌజరుంటే చాలు, తెరుచుకుంటుంది. షెడ్డులో ఉన్న ముసలి ల్యాప్‌టాప్‌లో హెచ్‌టీట్రాక్ లేనే లేదు, దాని అవసరమే రాలేదు. సగంలో కరెంటు పోతే ఆగిన చోటి నుంచి మళ్ళీ అందుకుంటుంది. అప్‌డేట్ చేసినప్పుడు మారిన ఫైళ్ళనే దించుతుంది, మారనివాటిని మళ్ళీ దించదు. ఫోన్ డేటా మీద బతికేవాడికి ఇది పెద్ద ఊరట. ఈ అప్‌డేట్‌ను నేను స్నేహితుల దగ్గర చాలాకాలం పొగిడాను.

ఆ పొగడ్తను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. నేను తరచూ వాడే ఒక సైటుంది, పేరు ఎందుకులెండి. వందలకొద్దీ సర్క్యూట్ బొమ్మలు, ఒక్కోదాని కింద సొంత అనుభవంతో రాసిన వివరణలు. ఓసారి మామూలుగానే అప్‌డేట్ పెట్టి వేరే పనిలో పడ్డాను. చాలా తొందరగా అయిపోయింది. లాగ్ (అది చేసిన పనుల చిట్టా) చూస్తే లోపాలేమీ లేవు, ఒకే ఒక్క పేజీ చదివినట్టు ఉంది. ఫోల్డరు తెరిస్తే ఆ ఒక్క పేజీయే ఉంది. ఆ సైటు పేరుకు గడువు తీరిపోయిందట. ఎవరో దాన్ని పట్టుకుని ప్రకటనల పేజీ పెట్టారు. హెచ్‌టీట్రాక్ మొదటి పేజీకి వెళ్ళింది, పేజీ వచ్చింది. అందులో పాత లింకులేవీ లేవు. లింకులు లేవంటే ఆ ఫైళ్ళు సైటులో లేనట్టే అని లెక్కగట్టి, నా డిస్కు మీద ఉన్నవన్నీ శుభ్రం చేసేసింది.

సైటు పూర్తిగా మూతపడి, సర్వరు అసలు పలకకపోతే ఇలా జరగదు. ఆ రోజు ఏమీ దిగలేదు కాబట్టి పాత నకలునే తిరిగి పెడుతున్నానని చెప్పి వెనక్కి తగ్గుతుంది. ఆ జాగ్రత్త దాన్లో ఉంది. కానీ ఒక్క పేజీ దిగితే చాలు, ఆ కాపలా లేచిపోతుంది. సైట్లు చచ్చిపోయేటప్పుడు నిశ్శబ్దంగా పోయేవి తక్కువ. ఎక్కువగా ఇలా ప్రకటనల పేజీగానో, ‘త్వరలో వస్తున్నాం’ అనే పలకగానో మారతాయి. దాచుకోవడం కోసమే పుట్టిన పనిముట్టు, దాచుకున్నదాని అవసరం అసలు మొదలయ్యే ఆ రోజునే దాన్ని పారేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ తర్వాత జరిగింది మాత్రం నేను ఊహించనిది. ప్రాజెక్టు ఫోల్డర్లో హెచ్‌టీఎస్-క్యాష్ అని, హెచ్‌టీట్రాక్ తన అవసరానికి నకళ్ళు దాచుకునే ఒక చిన్న ఫోల్డరు ఉంటుంది. అందులో న్యూ.జిప్, ఓల్డ్.జిప్ అని రెండు ఫైళ్ళు. కొత్త అప్‌డేట్ మొదలవగానే వెనకటి న్యూ కాస్తా ఓల్డ్ అవుతుంది. ఆ ఓల్డ్.జిప్‌ను 7-జిప్‌తో విప్పితే, పోయాయనుకున్న పేజీలు వరుసగా బయటికొచ్చాయి. ఈసీహెచ్81 వాల్వు మార్చేటప్పుడు ఏ కెపాసిటరు ముందు చూడాలి, ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్‌ను 455 కిలోహెర్ట్జ్‌కు ఎలా సరిచేయాలి, ఆ పెద్దాయన మాటలన్నీ ఉన్నాయి. నిజంగా ప్రాణం లేచివచ్చింది.

బొమ్మలు లేవు. మామూలు అమరికలో ఆ క్యాష్ వెబ్ పేజీల పాఠాన్నే దాస్తుంది. బొమ్మలు డిస్కులోనే ఉన్నాయి కదా అని వాటి ఊసు మాత్రం రాసుకుంటుంది. పైగా ఆ పేజీల్లో లింకులు అసలు సైటులో ఉన్నట్టే ఉంటాయి కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళడం కుదరదు. ‘పై పటంలో ఆర్7 రెసిస్టరు చూడండి’ అని ఉంటుంది, పైన ఖాళీ గడి. కొన్ని పటాలు, పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్లో దొరికాయి. పెద్ద సైజువి చాలావరకు దొరకలేదు.

మీకూ ఇలా జరిగితే ఇంకోసారి అప్‌డేట్ నొక్కి చూద్దామని మాత్రం అనుకోకండి. క్యాష్‌లో ఉండేవి రెండు తరాలే. రెండోసారి నొక్కితే ఆ ఓల్డ్.జిప్ కూడా పోతుంది. ముందు హెచ్‌టీఎస్-క్యాష్ ఫోల్డరును ఎత్తి వేరేచోట పెట్టండి, మిగతావి తర్వాత. అసలు ఇది జరగకుండా ఉండాలంటే ఆప్షన్లలో ‘బిల్డ్’ ట్యాబు తెరిచి ‘డు నాట్ పర్జ్ ఓల్డ్ ఫైల్స్’ (పాత ఫైళ్ళు తుడవొద్దు) దగ్గర టిక్కు పెట్టాలి. కమాండు లైనులో (ఆదేశాలు టైపు చేసి) వాడేవాళ్ళకు అది ఎక్స్0 అనే ఆప్షన్. నేను ప్రతి ప్రాజెక్టుకూ పెట్టాను. దాంతోపాటు అప్‌డేట్‌కు ముందు ఫోల్డరు మొత్తాన్ని బయటి డిస్కులోకి కాపీ చేస్తున్నాను, ఎందుకంటే ఆ టిక్కున్నా మొదటి పేజీ మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది.

మరి వేరేది చూసుకోవచ్చు కదా అంటారా, చూశాను. కమాండు లైనులో నడిచే డబ్ల్యూగెట్‌కు ఇలా తుడిచే అలవాటు లేదు. కానీ ఆ నల్ల తెరలో ఆప్షన్లు టైపు చేయడం నా స్నేహితుల్లో చాలామందికి కష్టం. ఒక్క పేజీయే కావాలంటే బ్రౌజర్లో సింగిల్‌ఫైల్ అనే ఎక్స్‌టెన్షన్ మేలు. జావాస్క్రిప్టుతో నడిచే ఈ కాలం సైట్లకు హెచ్‌టీట్రాక్ పెద్దగా పనికిరాదు, ఖాళీ చట్రం దిగుతుంది. వాటికి కివిక్స్ వాళ్ళ జిమిట్ లాంటి పనిముట్లు ప్రయత్నించాలి. నా సైట్లు ఇరవై ఏళ్ళ కిందటి సాదా హెచ్‌టీఎంఎల్‌తో కట్టినవి కాబట్టి నాకు ఇదే కుదిరింది.

మీరు దించేది రోజూ మారే ధరల పట్టికో, ఉద్యోగ ప్రకటనల సైటో అయితే పాతవి పోవడమే మంచిది, ఆ టిక్కు పెడితే చెత్త పేరుకుపోతుంది. డిస్కులో చోటు తక్కువున్నా అంతే. నాలాగా, రేపో మాపో మాయమయ్యే సైటును పదిలపరుచుకోవాలనుకునేవాళ్ళు మాత్రం ఈ రాత్రే మీ ప్రాజెక్టులు తెరిచి ఆ ట్యాబు ఒకసారి చూసుకోండి.