తామరకు కానుగ నూనె కొన్న మూలికల కొట్టు: నా అనుభవం

నల్గొండ గడియారం సెంటర్ నుంచి లోపలికి పోయే సందులో ఒక పాత మూలికల కొట్టు ఉంది. ఆగస్టులో మా పాప చేతికి తామర వచ్చిందని అక్కడ కానుగ నూనె కొన్నాను. నూనె గురించి చెప్పాల్సింది కొంతే, అమ్మిన పెద్దాయన గురించే ఎక్కువ.

ముందు నా సంగతి. నాట్లప్పుడు రోజంతా తడి బట్టలతోనే ఉండేసరికి లంగా బొందు కట్టే దగ్గర దురద మొదలైంది, చెమటకాయలేమో అనుకున్నా. వారం తిరిగేసరికి రూపాయి బిళ్ళంత గుండ్రంగా అయ్యింది. అంచు ఉబ్బి, దాని మీద ఆవగింజ కంటే చిన్న పొక్కులు, గోరు తగిలితే పొట్టు రాలుతుంది, నడుమ మాత్రం చర్మం మానినట్టే ఉంటుంది. తామరకు అదే గుర్తు. మెడికల్ షాపులో అడిగితే ఏమీ చూడకుండానే ఒక ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో దురద పోయింది, ఎరుపు పోయింది, హాయిగా మానేశాను. ఇంకో వారానికి నడుము చుట్టూ పాకింది. పక్కింటి అక్క వెల్లుల్లి నూరి రుద్దమంటే అదీ చేశా, చర్మం కాలి బొబ్బ లేచింది, దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. అంతలో ఇంట్లో అందరం ఒకే తువ్వాలు వాడడం వల్ల పాపకూ అంటుకుంది.

కొట్లో పెద్దాయన సీసా తీయలేదు. "ముందు చెయ్యి ఇటు సూపియ్యి బిడ్డా" అని పాప చేతిని వెలుతురుకు తిప్పి, అంచు వెంట వేలు ఆనించకుండా చూపిస్తూ "ఇది చిన్నగనే ఉంది, రాసి సూడుండ్రి, పది దినాలల్ల అంచు తగ్గకుంటే డాక్టరు దగ్గరికి పోవాలె" అన్నాడు. నా సంగతి చెప్పి బ్యాగులో ఉన్న ట్యూబు ఇస్తే, వెనక అక్షరాలు చదివి "నీకు నా దగ్గర మందు లేదు, ఇది ఆపి చర్మం డాక్టరుకు సూపియ్యి" అన్నాడు. వచ్చిన బేరం వదులుకుని ఆ మాట చెప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

డాక్టరమ్మ కూడా అదే అంది. అంచు గీకి పొట్టును మైక్రోస్కోపు కింద చూసి ఫంగస్ అని తేల్చింది. ట్యూబులో క్లోబెటాసాల్ అనే స్టెరాయిడ్ ఉందట, అది దురదను అణిచిపెడుతుంది కానీ లోపల ఫంగస్ ఇంకా పెరుగుతుంది. మీ ఇంట్లో ట్యూబు ఉంటే వెనక చదవండి, క్లోబెటాసాల్, బెటామెథాసోన్ అని ఉంటే తామర మీద రాయకండి. నాకు నాలుగు వారాలు మాత్రలు, క్రీము. మచ్చ కనిపించకపోయినా ఇంకో రెండు వారాలు క్రీము రాయమంది.

ఇక నూనె. చిన్న సీసా 80 రూపాయలు. పాపకు దురద తగ్గింది, రాత్రి గోక్కోకుండా నిద్రపోయింది, చర్మం మెత్తబడింది. కానీ పది రోజులకూ అంచు అలాగే ఉంది, చివరికి డాక్టరమ్మ ఇచ్చిన యాంటీఫంగల్ క్రీముతోనే పోయింది. కాబట్టి నూనెతోనే నయమైందని నేను చెప్పను. వాసన ఘాటు, దుప్పటికి పసుపు మరక పడితే పోలేదు, సీసా మీద తయారైన తేదీ కూడా లేదు, అది మాత్రం పెద్దాయన మార్చుకోవాలి.

నూనె కంటే ఎక్కువ పనిచేసింది ఆయన చెప్పిన ఇంకో మాట: స్నానం చేశాక మడతల్లో తడి లేకుండా తుడుచుకోవడం, ఎవరి తువ్వాలు వాళ్ళకే, లోబట్టలు వేడినీళ్ళలో ఉతికి తిరగేసి ఎండకు ఆరేయడం. వానాకాలంలో ఎండ ఎక్కడిది, ఇస్త్రీ చేశాం.

మధ్యాహ్నం కొట్టు మూసి ఉంటుంది, పొద్దున పోండి. తామర వచ్చిన మనిషిని వెంట తీసుకుపోండి, చూడకుండా ఆయన సీసా ఇవ్వడు.