సేనాపతిగా ఎవరు: డెత్ నైటా, లిచ్చా?

తిరుపతిలో ఆదివారం సాయంత్రాలు డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో కథ నడిపే ఆట) ఆడే గుంపుల్లో తెగని పేచీ ఇది: పెద్ద విలన్ కింద, చచ్చి లేచిన సేనాపతిగా ఎవర్ని పెట్టాలి, డెత్ నైట్ అనే శవయోధుడినా, లిచ్ అనే శవమాంత్రికుడినా? లెక్కలన్నీ 2014 నాటి ఐదో ఎడిషన్‌వి.

బలం: డెత్ నైట్ సీఆర్ (ఎంత గట్టి శత్రువో చెప్పే అంకె) 17, ఏసీ (దెబ్బ తగలడం ఎంత కష్టమో) 20, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకుంటాడో) 180. లిచ్ సీఆర్ 21, ఏసీ 17, హిట్ పాయింట్లు 135 మాత్రమే. నలుగురు ఆటగాళ్లుంటే డెత్ నైట్‌ను ఎదుర్కోవడానికి వాళ్ల పాత్రలకు 13వ లెవెల్ చాలు, లిచ్‌కైతే 17 దాకా ఆగాలి.

ఆట నడిపేవారికి శ్రమ: డెత్ నైట్‌ది తేలిక. మూడు కత్తి దెబ్బలు, రోజుకోసారి హెల్‌ఫైర్ ఆర్బ్ అనే పేలే అగ్నిగోళం. లిచ్‌కు మంత్రాల చిట్టా ముందే రాసుకోవాలి. లెజెండరీ యాక్షన్లు (ఇతరుల వంతు ముగిశాక చేసే అదనపు చర్యలు) మరిచారో, రెండు రౌండ్లలో కూలిపోతాడు.

ప్రమాదం: ఆర్బ్ పేలితే 10డి6 (పది ఆరుముఖాల పాచికల మొత్తం) అగ్ని, 10డి6 నెక్రోటిక్ (ప్రాణశక్తిని హరించే) దెబ్బ, సగటున 70. అందరూ ఒక్కచోట ఉండగా మొదటి రౌండ్లోనే వేస్తే విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) లేవడు. డెత్ నైట్ చుట్టూ 60 అడుగుల్లో ఉన్న శవసైన్యానికి టర్నింగ్‌ (దైవశక్తితో శవాల్ని తరిమే విద్య)పై అడ్వాంటేజ్ (రెండు పాచికలేసి పెద్దది తీసుకునే వీలు) కూడా ఇస్తాడు కాబట్టి క్లెరిక్‌ను (పూజారి పాత్రను) నమ్ముకుంటే కష్టమే. లిచ్‌ది మాయల ఫకీరు చిలక వ్యవహారం: ఫిలాక్టరీ (ప్రాణం దాచిన వస్తువు) పగలకపోతే 1డి10 (పదిముఖాల పాచికలో పడినన్ని) రోజుల్లో కొత్త ఒంటితో దాని పక్కనే లేస్తాడు. అదెక్కడుందో కనీసం మూడు ఆచూకీలు వదలండి, లేదంటే ఆట అక్కడే ఆగిపోతుంది.

అసలు లిచ్ ఒకరి కింద పనిచేసే రకం కాదు. చంద్రగిరి కోట లాంటి మ్యాప్ గీసి ఒకే పూటలో ముట్టడి ముగించాలంటే డెత్ నైట్. నెలల తరబడి వెంటాడే పగ కావాలంటే లిచ్, అదీ సేనాపతిగా కాక యజమానిగా.