ముల్లు మధ్యలోనే ఉంది, ఇంజిన్ 105లో ఉంది: ఓబీడీ స్కానర్‌తో నాలుగేళ్ళు

నాలుగేళ్ళ కిందట ఓబీడీ స్కానర్ అనే ఈ అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క, కారు ఇంజిన్ వేడిని అంకెల్లో ఫోన్‌లో చూపించేది, కొన్నప్పుడు నాకు ఇలాంటి వస్తువుల మీద మోజేమీ లేదు. అవసరం వచ్చి కొన్నాను. పది రోజుల్లో ఎనిమిది వందల కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకున్నాం. బండి అప్పటికే పదకొండేళ్ళ పాత పెట్రోలు కారు. ఓ సాయంత్రం ట్రాఫిక్‌లో నత్తనడకన పోతుంటే టెంపరేచర్ ముల్లు మధ్యగీత దాటి వెంట్రుకవాసి పైకి లేచింది. కాస్త రోడ్డు దొరికి బండి కదిలేసరికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ మధ్యకొచ్చి కూర్చుంది. పక్కసీట్లోంచి మా ఆవిడ "ఏవండీ, ఏసీ వేడిగాలి కొడుతోందేంటి?" అంది. నేను ముల్లునే చూస్తున్నాను కాబట్టి ఆ మాట చెవిన వేసుకోలేదు. రోగమేంటో ఆవిడ అప్పుడే చెప్పేసిందని తెలియడానికి నాకు వారం పట్టింది.

మర్నాడు షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ బానెట్ ఎత్తి, పైప్ ఒకసారి నొక్కి చూసి, "థర్మోస్టాట్ పోయింది సార్, తీసి పక్కన పడేద్దాం, ఇక జన్మలో వేడెక్కదు" అన్నాడు. తీసేయొద్దు, కొత్తది వెయ్యమన్నాను. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌లోకి పోనివ్వని కవాటం అది. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కాల్సినంత కూడా వేడెక్కదు, చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొత్తది వేయించి, కూలెంట్ మార్పించి, పాత థర్మోస్టాట్‌ను జేబులో వేసుకొచ్చాను. ఇంట్లో ఓ పాడైపోయిన గిన్నెలో నీళ్ళు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి, థర్మామీటర్ ముంచి స్టవ్ మీద పెట్టాను. దాని మీద 82 అని చెక్కి ఉంది, అది తెరుచుకోవడం మొదలవ్వాల్సిన డిగ్రీలు. లోపలి మైనం కరిగి ఉబ్బితే స్ప్రింగును తోసుకుంటూ నోరు తెరుచుకోవాలి. 82 దగ్గర సన్నగా మొదలైంది, 93 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంది. చెక్కుచెదరని సరుకును మార్పించానన్నమాట. (ఆ గిన్నె మళ్ళీ వంటకు వాడలేదు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. పైగా తియ్యగా ఉంటుంది కాబట్టి నేలమీద ఒలికితే కుక్కలూ పిల్లులూ నాకుతాయి. ఒలికిన చోట కడిగేయండి.)

రెండు రోజులకు ముల్లు మళ్ళీ లేచింది. ఆ రాత్రే స్కానర్ తెప్పించాను.

వస్తువు సంగతి రెండు ముక్కల్లో. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయిన ఓబీడీ-2 సాకెట్ అది (బండి తన లోపాలను తానే కనిపెట్టే ఏర్పాటును ఓబీడీ అంటారు). అందులో దీన్ని గుచ్చితే ఇంజిన్ కంప్యూటర్ చూస్తున్న అంకెలన్నీ బ్లూటూత్ మీద ఫోన్‌లోకి వస్తాయి. ఈఎల్‌ఎం327 అనే చిప్ పద్ధతి మీద నడిచేవే చౌకరకం స్కానర్లన్నీ, వాటిలో నకళ్ళే ఎక్కువ. నేను మొదట కొన్నది నా బండితో మాటే కలపలేదు, తిరిగి పంపేశాను. రెండోది కలిపింది, ఇప్పటికీ కలుపుతోంది.

మొదటిరోజే కళ్ళు తెరిపించిన సంగతి ఏంటంటే, ముల్లు మనకు అబద్ధం చెబుతుంది. నా బండిలో కూలెంట్ 79 డిగ్రీల నుంచి 106 దాకా ఎక్కడున్నా ముల్లు నడిమధ్యే ఉంటుంది. ఊరికే అటూ ఇటూ ఊగితే జనం కంగారుపడి షెడ్డుకు పరిగెడతారని కంపెనీవాళ్ళే అలా కుదిర్చిపెడతారు. చాలా బండ్లలో ఇదే వరస. కొన్నింట్లో ముల్లు కూడా ఉండదు, నీలం దీపం, ఎర్ర దీపం, అంతే. అంటే నేను "వెంట్రుకవాసి" అనుకున్నది మామూలు కన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ.

ఆదివారం పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ ఆపి, ఇంటిముందే నిలబెట్టి, ఫోన్ చూస్తూ పాత కవరు వెనక రాసుకున్నాను. 84లో పైన హోస్ పైపు వేడెక్కింది, అంటే థర్మోస్టాట్ తెరుచుకుంది. 97. ఫ్యాన్ ఈ దరిదాపుల్లో తిరగాలి. తిరగలేదు. 100. 103. 105, ముల్లు ఇంకా మధ్యలోనే నిద్రపోతోంది. 108 రాగానే ఫ్యాన్ విమానంలా రొద చేస్తూ లేచింది, రెండు నిమిషాల్లో 99కి దించి ఆగిపోయింది. మళ్ళీ అదే తంతు. మూడోసారి అనుమానం వచ్చి ఏసీ నొక్కాను. ఏసీ వేస్తే వేడితో పనిలేకుండా ఫ్యాన్ చిన్న స్పీడులో తిరగాలి కదా. ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చి, రిలే, టిక్కుమంది. ఫ్యాన్ కదల్లేదు.

అప్పుడు వెలిగింది. ఫ్యాన్‌కు రెండు స్పీడులు. పెద్ద స్పీడు తిన్నగా కరెంటు తీసుకుంటుంది, చిన్న స్పీడు మాత్రం కరెంటును తగ్గించే ఓ రెసిస్టర్ గుండా వెళ్తుంది. రెసిస్టర్ కాలిపోతే చిన్న స్పీడు ఒక్కటే పోతుంది. ఇంజిన్ ఉడికిపోదు, పెద్ద స్పీడు ఆదుకుంటుంది కాబట్టి. కానీ ఆగిన బండిలో ఏసీ చల్లబడదు. మా ఆవిడ అన్నది అదే. బండి పరిగెడుతుంటే ఎదురుగాలి చాలు, ఫ్యాన్ అక్కర్లేదు, అందుకే రోడ్డు మీద 90, 92. ఆగినప్పుడే వేడెక్కి, కదిలితే చల్లబడితే ఫ్యాన్ వైపు చూడాలి. ఆగినప్పుడు బాగుండి స్పీడులో, ఎత్తులో వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోవడమో, వాటర్ పంపో, కూలెంట్ తగ్గడమో. ఎక్కడైనా వేడెక్కుతుంటే ముందు కూలెంట్, తర్వాత థర్మోస్టాట్. ఇది కొత్త విద్యేం కాదు, మంచి మెకానిక్‌లందరికీ తెలుసు. అంకె ఎదురుగా లేకపోతే మనం వాళ్ళకు "కొంచెం వేడెక్కుతోందండీ" అని తప్ప ఏమీ చెప్పలేం.

కవరు పట్టుకెళ్ళి అదే మెకానిక్‌కు చూపించాను. ఫ్యాన్ తొడుగు పక్కనున్న రెసిస్టర్‌ను పట్టుకోగానే తుప్పుపట్టిన తీగ అతని చేతిలోనే పొడిపొడిగా రాలింది. ఇద్దరం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. థర్మోస్టాట్ ప్రస్తావన ఎవరూ తేలేదు.

అది మార్చాక 97కే ఫ్యాన్ తిరుగుతోంది. ఇక బయల్దేరడమే అనుకున్నాను. రెండ్రోజుల ముందు పొద్దున బానెట్ ఎత్తితే రేడియేటర్ పైన హోస్ గాలి తీసిన ట్యూబులా నొక్కుకుపోయి ఉంది. స్కానర్‌కు ఇది కనబడదు, కన్నే చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉంది కనక రేడియేటర్ మూత తిప్పాను. "సుయ్" మని గాలి లోపలికి పోయింది, పైప్ ఠక్కున లేచి నిలబడింది. మూతలో రెండు కవాటాలుంటాయి. ఒకటి వేడికి పెరిగిన ఒత్తిడిని పట్టి ఉంచుతుంది, రెండోది చల్లబడ్డాక పక్కనున్న కూలెంట్ డబ్బాలోంచి కూలెంట్‌ను వెనక్కి రానిస్తుంది. ఆ రెండోది బిగుసుకుపోయింది.

మూతే కదా అని తీసిపారేయకండి. నీళ్ళూ కూలెంటూ సగంసగం కలిపితే బయటిగాలిలో 106 దగ్గర మరుగుతుంది. అదే 15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పట్టే మూత కింద సుమారు 129 దాకా మరగదు. అంటే నా బండి 108 దాకా పోయి కూడా పొంగకపోవడం ఆ మూత చలవే. అది ఒత్తిడి పట్టకపోతే రేడియేటర్ ఎంత కొత్తదైనా దండగే. పాతదాని మీద 1.1 అని ఉంది (బార్లలో, అంటే సుమారు 16 పీఎస్ఐ), అదే అంకె ఉన్నది వేశాను. వేడి ఇంజిన్ మీద మూత తీస్తే ఏమవుతుందో ఈ లెక్కలోనే ఉంది. అంత ఒత్తిడీ ఒక్కసారిగా వదిలేస్తే మీ మొహం మీదే మరుగుతుంది.

ప్రయాణం బాగా జరిగింది, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొండెక్కేటప్పుడు 94 నుంచి 101కి ఎక్కింది. ఏసీ ఆపి, ఒక గేరు దించితే పంపు, ఇంజిన్ చురుగ్గా తిరిగి 96 దగ్గర నిలిచింది.

ఇక నాలుగేళ్ళలో దీనితో పడ్డ తిప్పలు. సాకెట్‌లో 16వ పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. మూడు వారాలు ఊరెళ్ళి వచ్చేసరికి దీని నీలం దీపం తప్ప బండిలో ఇంకేం వెలగలేదు. ఆ దీపం వెలుగుతోంది చూశారూ, అందుకు ఒళ్ళు మండింది. అప్పట్నుంచి దిగేటప్పుడు పీకేస్తున్నాను. ఎండలో డ్యాష్‌బోర్డ్ మీద పెట్టిన ఫోన్ ఓసారి "వేడెక్కాను" అని చెప్పి ఆరిపోయింది, ఇంజిన్ మాత్రం హాయిగా 92లో ఉంది. యాప్‌లో ప్రకటనల గోల సరేసరి.

రెండో ఏడు చెక్ ఇంజిన్ దీపం వెలిగింది. కోడ్ పి0128. ఇంజిన్ చేరాల్సినంత వేడికి చేరడం లేదని అర్థం. నేను గొప్పగా యాప్‌లో చెరిపేశాను. కోడ్‌తో పాటు అది పడ్డ క్షణంలో ఏ స్పీడు, ఎంత వేడి అన్న వివరాలు కూడా తుడిచిపెట్టుకుపోతాయని నాకు తెలీదు. నాలుగు రోజులకు అదే దీపం. రోడ్డు మీద 74 దాటట్లేదు. షెడ్డులో అనవసరంగా వేయించుకున్న ఆ కొత్త థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఉండిపోయింది! డబ్బాలో దాచిన పాతది మళ్ళీ వేశాం. ఇప్పటికీ అదే నడుస్తోంది.

దీన్ని గుడ్డిగా నమ్మకూడదని తెలిసింది మూడో ఏట. 105 దాటితే మోగేలా అలారం పెట్టుకుని నిశ్చింతగా నడుపుతున్నాను. ఏసీ గాలిలో ఏదో తియ్యటి వాసన. ఫోన్ చూస్తే 95, కాసేపటికి 89, 82. చల్లబడుతోందిలే అనుకున్నాను. మా ఆవిడ మాత్రం "ఆపండి, ఏదో కాలుతోంది" అంది. ఈసారి ఆ మాట వదల్లేదు. హీటర్ తిప్పి చూస్తే చల్లగాలి వస్తోంది. పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. కింది హోస్ క్లిప్పు దగ్గర చీలి కూలెంటంతా పోయింది. సెన్సర్ తడిలో ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్ళు లేని చోట అది ఆవిరినీ గాలినీ కొలుస్తూ చల్లటి అంకెలు చూపిస్తోంది. గంటంపావు ఆగి, చీలినంత మేర కోసేసి, పైప్ లాగి మళ్ళీ బిగించి, నీళ్ళు కొద్దికొద్దిగా పోశాం. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరిస్తే ఇంజిన్ పైభాగమైన హెడ్డు పగలొచ్చు. తర్వాత షెడ్డులో ఆ హెడ్డు కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్‌కు పరీక్ష చేయించాను. పరీక్షకు వాడే నీలం ద్రవం పసుపుగా మారితే సిలిండర్‌లోని పొగ కూలెంట్‌లోకి వస్తోందని లెక్క. నీలంగానే ఉండిపోయింది, బతికిపోయాం. అప్పట్నుంచి ఇంజిన్ ఒకసారి వేడెక్కాక 80 కన్నా దిగినా మోగేలా రెండో అలారం పెట్టాను.

కొనమంటారా అని అడిగితే, మీ బండి డ్యాష్‌బోర్డ్ మీద డిగ్రీలు అంకెల్లో చూపిస్తే అక్కర్లేదు. ముల్లో దీపమో మాత్రమే ఉండి, బండికి వయసు మీద పడితే, ప్రయాణానికి పది రోజుల ముందు కొనండి, ముందురోజు రాత్రి కాదు. నాకు దొరికిన రెండు లోపాలకూ విడిభాగాలు దొరకడానికే ఐదు రోజులు పట్టింది. రేపు పొద్దున మళ్ళీ దూరప్రయాణం ఉంది. చల్లటి ఇంజిన్ మీద డబ్బాలో కూలెంట్ మట్టం చూశాను, పైపులు నొక్కి చూశాను. స్కానర్ బండి తాళాల పక్కనే పెట్టాను.