బూర్టాంగె: ఐదు కోణాల కోటలో ఒక రాత్రి

డ్రోన్ ఫొటోల్లో నక్షత్రంలా కనిపించే కోటని చూసి బూర్టాంగె వెళ్దామనుకునేవాళ్లకి ముందే చెప్తున్నా, నేల మీద నిలబడితే ఆ నక్షత్రం కనిపించదు. కనిపించేవి గడ్డి పెరిగిన మట్టికట్టలు, వాటి చుట్టూ కందకాలు, చెక్క వంతెనలు. కట్టల మీద ఒక చుట్టు తిరిగొస్తే, నీళ్లు ఎక్కడెక్కడ మలుపు తిరుగుతున్నాయో చూశాక, అప్పుడు ఆకారం బుర్రకెక్కుతుంది.

ఊరు నెదర్లాండ్స్ ఈశాన్య మూలన, గ్రోనింగెన్ ప్రాంతంలో, జర్మనీ సరిహద్దు పక్కనే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కారులో దాదాపు రెండున్నర గంటలు. రైలు, బస్సులు మారుతూ కూడా వెళ్లొచ్చు కానీ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో అయితే ఆ తిప్పలు వద్దు.

ఇంత మూలన కోట ఎందుకంటే, అప్పట్లో ఇక్కడ చుట్టూ చిత్తడి నేల, మధ్యలో ఇసుక దిబ్బ మీదుగా జర్మనీ వైపు నుంచి గ్రోనింగెన్ నగరానికి దారి. ఆ నగరం స్పెయిన్ పక్షాన ఉంది కాబట్టి దారి మూసేయాలని 1580లో, స్పెయిన్ మీద తిరగబడ్డ డచ్చివాళ్ల నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్ కోట కట్టమన్నాడు. అది పూర్తయ్యేసరికి 1593 వచ్చింది, ఆయన హత్య జరిగి అప్పటికే తొమ్మిదేళ్లు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మన మచిలీపట్నంలో వ్యాపారానికి దిగిన డచ్చివాళ్లు, ఇక్కడ ఇంకా సొంత నేల కోసం స్పెయిన్‌తో కొట్టుకుంటూనే ఉన్నారు!

1672లో, జర్మనీ వైపు మున్‌స్టర్‌ని ఏలే బిషప్ సైన్యం వచ్చి, కోట అప్పగిస్తే రెండు లక్షల గిల్డర్లు (అప్పటి డచ్చి డబ్బు) ఇస్తామని కోట అధికారి కెప్టెన్ ప్రాట్‌కి ఆశ చూపిందట. రెండు లక్షల తుపాకి గుండ్లు నా దగ్గర మీకోసం సిద్ధంగా ఉన్నాయని ఆయన కబురంపాడని చెప్తారు. నిజంగా అలాగే అన్నాడో లేదో గానీ కోట మాత్రం వాళ్లకి దక్కలేదు.

ఇక అసలు సంగతి. ఇప్పుడు మనం చూసేదాంట్లో చాలా భాగం పాతది కాదు. 1851లో కోటగా దాని పని అయిపోయింది, రక్షణ కట్టలన్నీ మెల్లగా పోయాయి, ఊళ్లోంచి జనం కూడా తగ్గిపోతుంటే మున్సిపాలిటీ 1967లో పట్టుబట్టి, 1742 నాటి రూపంలో మళ్లీ కట్టడం మొదలుపెట్టింది, దానికి పాతికేళ్లు పట్టింది. "అంటే సినిమా సెట్టింగే కదా" అని మాతో వచ్చిన ఫ్రెండ్ పెదవి విరిచాడు. నాకలా అనిపించలేదు, ఎందుకంటే లోపల జనం కాపురాలు ఉంటున్నారు, చౌకులో చెట్ల కింద ముసలివాళ్లు కాఫీ తాగుతున్నారు. పైగా 1842లో కట్టిన యూదుల ప్రార్థనాలయం కూడా ఉంది. అక్కడికి వచ్చే యూదులను నాజీల కాలంలో పట్టుకుపోయి చంపేశారు. చాలామంది ఫిరంగులతో సెల్ఫీలు దిగి అటు వెళ్లకుండానే వచ్చేస్తారు, మీరు వెళ్లండి. పిల్లలకి మాత్రం కందకం మీదకి వేలాడే చెక్క మరుగుదొడ్లే ఎక్కువ నచ్చుతాయి, సిపాయిలు వాడినవాటి లాంటివి.

ఖీత్‌హోర్న్, జాన్సే స్కాన్స్ లాంటి టూరిస్టుల రద్దీ ఉండే డచ్చి ఊళ్లు చూసినవాళ్లకి ఇక్కడ జనం తక్కువనిపిస్తుంది, సాయంత్రమయ్యాక అసలుండరు. అందుకే కోట లోపలే గది తీసుకోవడం మంచిది. మా గదిలో మంచం గోడలో ఉంది, చెక్క తలుపులు వేసుకుంటే బీరువాలో పడుకున్నట్టే. వెచ్చగా బాగుంటుంది గానీ ఆరడుగుల మనిషి కాళ్లు ముడుచుకోవాల్సిందే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కలేరు. మామూలు మంచం ఉందా అని బుక్ చేసేముందే అడగండి. గది, బాత్రూమ్ శుభ్రంగా ఉన్నాయి, ఉదయం బ్రెడ్డు, చీజు, గుడ్డు ఇచ్చారు.

రాత్రి భోజనం దగ్గరే ఒళ్లు మండింది. ఎనిమిదికి పది నిమిషాలు ముందు వెళ్తే వంటగది మూసేశామన్నారు, చిప్స్ కూడా ఇవ్వలేదు. వెజిటేరియన్లకి చీజ్ పాన్‌కేక్ దొరుకుతుంది. గ్రోనింగెన్ ఆవాల సూప్ రుచిగా ఉంటుంది కానీ అందులో పంది మాంసం ముక్కలు వేస్తుంటారు, వద్దని ముందే చెప్పాలి. రైస్ కుక్కర్ తీసుకెళ్లేవాళ్లు గదిలో వండనిస్తారో లేదో కనుక్కోండి.

ఊళ్లో తిరగడానికి, కట్టల మీద నడవడానికి టికెట్ అక్కర్లేదు, మ్యూజియం గదులకే కొనాలి. చలికాలంలో వాటి వేళలు తగ్గిస్తారు, చూసుకుని బయల్దేరండి.