తెల్లబట్టతో బాధపడేవాళ్లు ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు సురక్ష క్లినిక్‌కి వెళ్లండి

మా వదినకి నెలల తరబడి తెల్లబట్ట. టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే స్కానింగ్ తీసి, గర్భసంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం అన్నారు. ఆవిడకి 34 ఏళ్లు. అన్నయ్య అప్పు కోసం తిరుగుతుంటే నేనే ఆపి, సుఖరోగాలకీ, ఆడవాళ్ల లోపలి ఇన్ఫెక్షన్లకీ ఉచితంగా చూసే, మా ఏరియా గవర్నమెంటు ఆసుపత్రిలోని సురక్ష క్లినిక్‌కి తీసుకెళ్లాను.

కౌన్సిలరమ్మ తలుపు వేసి "ఏం ఇబ్బంది అక్కా?" అంది. వదిన తలెత్తకుండా "వేడి చేసిందమ్మా" అని ఊరుకుంది. ఈవిడ వదల్లేదు. "బట్ట అవుతోందా? నీళ్లలా పల్చగానా, విరిగిన పాలలా ముద్దగానా? దురదుందా? నీచువాసన వస్తోందా? ఒంటేలుకి వెళ్తే మంటగా ఉంటోందా?" అని ఒక్కొక్కటే అడిగింది. మా ఊరి ఆడవాళ్లు చెరువు గట్టున మాట్లాడుకునే మాటలే అవన్నీ. వదిన నోరు విప్పింది. అన్నయ్యకి ఏమైనా ఇబ్బంది ఉంటే తీసుకురమ్మంది కూడా. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా జారేది రోగం కాదని అక్కడే తెలిసింది మా ఇద్దరికీ.

డాక్టరమ్మ లోపలి పరీక్ష చేసి, ఇది ఇన్ఫెక్షన్, గర్భసంచి తీయాల్సిన పనే లేదంది. ఆకుపచ్చ కిట్ ఇచ్చారు: సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్, ఒక్క డోసు. పైసా తీసుకోలేదు. వదినకి తగ్గింది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే గుండె తరుక్కుపోతుంది. 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. వీళ్లలో ఎంతమందిని ముందు ఇలా కూర్చోబెట్టి అడిగారో!

నచ్చనిది ఒకటే. గది సరిగ్గా ఓపీ లైనుకి ఎదురుగా ఉంది, లోపలికి వెళ్లేది ఊరంతా చూస్తారు. గోడ మీద "జననాంగ స్రావాలు" అని రాసిన పోస్టర్ వదినకి ఒక్క ముక్క అర్థం కాలేదు. లోపల మాట్లాడే మాటలే గోడ మీదా రాయాలి.

సెగ, సవాయి, గజ్జల్లో బిళ్ళలు లాంటి సుఖరోగాలని దాచుకుని తిరిగే మగవాళ్లకీ ఇక్కడే మందులిస్తారు. రావడానికి మొహమాటమైతే ముందు 1097కి (గవర్నమెంటు ఎయిడ్స్ హెల్ప్‌లైన్) ఫోన్ చేసి అడగండి, ఆ కాల్ ఉచితం.