తెనాలిలో పిల్లల పద్యనాటకం సమ్మర్ క్యాంపు, పంపొచ్చా?

సెలవుల్లో మా పేటలో ఒక నాటక సమాజం వాళ్ళు అక్కడి కుర్రాళ్ళకి పద్యనాటకం నేర్పి స్టేజీ ఎక్కించారు, మా మేనకోడల్ని చేర్పించాం కాబట్టి చెప్తున్నా, నా మార్కులు 4/5.

మామూలుగా కృష్ణుడి వేషం అంటే డబ్బులు పెట్టుకోగలిగిన పెద్దాయనకే కదా, కుర్రాళ్ళకి ఏ భటుడో మిగుల్తుంది. ఇక్కడ అలా చెయ్యలేదు. రాయబారం సీన్లు విడగొట్టి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ముగ్గురు పిల్లలకి పంచారు, పేరున్న ఆర్టిస్టులకి ఇలా పంచడం చూశాం గానీ పిల్లలకి చెయ్యడం నేను ఇక్కడే చూశా. మా పిల్ల అర్జునుడు. తెనాలి రామవిలాస సభలో సత్యభామ వేసిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది, ఇప్పుడు అదే ఊళ్ళో ఆడపిల్లలు మీసం అంటించుకుని అర్జునుళ్ళు అవుతున్నారు, బ్రహ్మాండం!

నేర్పే పద్ధతి బాగా నచ్చింది. పద్యాన్ని ముందు మాట్లాడినట్టు చదివిస్తారు, ఎక్కడ విరవాలో తెలిశాకే హార్మోనియం. ఒకడు రాగం లాగుతుంటే మాస్టారు ఆపేసి "కృష్ణుడు నిద్ర లేచాడా లేదా, అది చెప్పరా ముందు" అన్నారు. గొంతు మారే వయసు మగపిల్లలకి శృతి తగ్గించి ఇస్తున్నారు కూడా.

ఇక గొడవ ఎక్కడంటే, ఫ్రీ అని చేర్చుకుని చివర్లో డ్రస్సుల అద్దె, మేకప్ అని మనిషికి వెయ్యి పైనే అడిగారు, ఒక ఆటో ఆయన కొడుకు మానేస్తానంటే తలా కాస్త వేసుకుని సర్దాం, ఆ మాటేదో ముందే చెప్పొచ్చుగా. పైగా కిరీటాలు పెద్దవాళ్ళ సైజు, లోపల గుడ్డలు కుక్కారు. రెండో కృష్ణుడికి పద్యం మధ్యలో కళ్ళ మీదకి జారిపోతే ఒక చేత్తో పట్టుకునే రాగం పూర్తి చేశాడు, జనం ఒకటే వన్స్ మోర్లు 😄

ఏడింటికి అని కార్డు వేసి శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి తొమ్మిదిన్నర, ఆఖరి సీనుకి సగం మంది పాండవులు మేకప్‌తోనే కుర్చీల్లో నిద్ర. సన్మానాలు చివర్లో పెట్టుకోండి సార్, ఎవరుంటే వాళ్ళే చూస్తారు.

ఎనిమిదో తరగతి దాటినవాళ్ళయితే హాయిగా పంపండి, మరీ చిన్నపిల్లలు అంతసేపు కూర్చోలేరు. డ్రస్సుల ఖర్చు ఎంతో చేరే రోజే అడిగేయండి, హాల్లో ఫ్యాన్లు రెండే, మంచినీళ్ళ సీసా ఇంటి నుంచే ఇవ్వండి.