ఏబీఎస్ తీసేశాను, సెన్సర్లు ఉంచుకున్నాను: నాలుగేళ్ల తర్వాత

నా 2001 మాజ్దా మియాటా స్పోర్ట్స్ కారుకు టర్బో పెట్టేటప్పుడు పైపులకు చోటు చాలక ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) పంపు తీసేయాల్సి వచ్చింది. చక్రాల దగ్గర వాటి వేగం కొలిచే నాలుగు సెన్సర్ల జోలికి మాత్రం పోలేదు. ఇంజిన్ తిప్పే వెనక చక్రాలు జారితే పసిగట్టి ఇంజిన్ జోరు తగ్గించేందుకు, వాటి తీగలను కొత్త ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) కలిపి నాలుగేళ్లయింది. ఈ కారుకు డబ్బు పోసి కొని పెట్టినవి చాలా ఉన్నాయి. కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనవి కారుతో పాటే వచ్చిన ఈ రెండేసి తీగల సెన్సర్లు. ఎందుకంత ఇష్టమో తెలియాలంటే ఆస్టిన్‌లో ఒక ఆదివారం ఏం జరిగిందో చెప్పాలి. ముందు వైరింగ్ సంగతి కొంచెం.

ఇవి పాత రకం. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి తీగతో కాయిల్. ఎదురుగా పళ్ల రింగు తిరిగితే కాయిల్లో వోల్టేజీ పుడుతుంది, బయటి నుంచి సప్లై అక్కర్లేదు. చక్రం ఎంత జోరుగా తిరిగితే అంత పెద్ద తరంగం. అయితే రెండు తీగలు కనపడగానే పాత రకమే అనుకోవద్దు. కొత్త కార్లలో రెండు తీగలతోనే వచ్చే ఇంకో రకం ఉంది. దానికి సప్లై ఇవ్వాలి, దాని కరెంటు 7 మిల్లీయాంపులకూ 14 మిల్లీయాంపులకూ మధ్య మారుతుంటుంది. మీటరుతో ఓములు కొలిస్తే దాని మంచిచెడ్డలు తెలియవు. నావి కొలిస్తే ఒక్కోటి 1.2 కిలోఓముల దగ్గర నిలిచాయి. చక్రాన్ని చేత్తో సెకనుకు ఒక చుట్టు తిప్పితే ఏసీలో పావు వోల్టు పైనే వచ్చింది. సెన్సర్లు బాగున్నాయని తేల్చుకోవడానికి నాకు ఆ రెండు కొలతలే సరిపోయాయి.

మొదటిసారి మామూలు తీగలే లాగాను, అదీ ఇగ్నిషన్ కాయిళ్ల కట్ట పక్కనుంచే. ఇంటి ముందు కారు కదలకుండా నిలబడి ఉంటే తెర మీద ఎడమ ముందు చక్రం గంటకు 17 మైళ్ల వేగంతో పోతోంది! ఇంజిన్ రేజ్ చేస్తే ఇంకా పెరిగింది. కాయిళ్ల నుంచి వచ్చే విద్యుత్ రొదను ఈసీయూ పళ్లుగా లెక్కపెడుతోందన్నమాట. అదంతా పీకేసి, రెండు తీగలూ మెలిపడి పైన జల్లెడ కవచం ఉన్న కేబుల్ వేశాను. కవచాన్ని ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేశాను, చక్రం వైపు కత్తిరించి స్లీవ్ తొడిగాను. రెండు చివర్లా ఎర్త్ చేస్తే ఇంజిన్ ఎర్త్ కరెంటు ఆ కవచం గుండానే పారి కొత్త తలనొప్పి తెస్తుంది. మధ్యలో తరంగాన్ని చదరపు పల్సులుగా మార్చే చిన్న బోర్డు, దాని మీద రెండు మాక్స్9926 చిప్పులు. ఒక్కో చిప్పు రెండు చక్రాలకు. ప్లస్ మైనస్ తారుమారైనా ఇక్కడ పెద్దగా నష్టం లేదు. ఇంజిన్ తిరుగుడును చూసే క్రాంక్ సెన్సర్‌కైతే అది ప్రాణం మీదికి తెస్తుంది, చక్రానికి పళ్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి లెక్క తప్పదు.

ఆ కేబుల్ వేశాక వచ్చిన ఆనందం మాటల్లో చెప్పలేను. 205/50 ఆర్15 టైరు ఒక చుట్టుకు సుమారు 1.84 మీటర్లు పోతుంది. రింగుకు 44 పళ్లున్నాయనుకుంటే గంటకు 60 మైళ్ల దగ్గర సెకనుకు దాదాపు 640 పల్సులు. నాలుగు వీల్ బోల్టులను చూసే సెన్సర్ పెడితే అదే వేగానికి 58 వస్తాయి, అంటే జారడం అంత ఆలస్యంగా తెలుస్తుంది. వెనక చక్రం జారడం మొదలవగానే ఈసీయూకు తెలిసిపోవడం అంటే ఏమిటో, వాన పడి వెలిసిన ఒక ఉదయం సెకండ్ గేర్లో మొదటిసారి అర్థమైంది. కారు తోక విసరలేదు. ఇంజిన్ ఒక్క క్షణం గొంతు తగ్గించి మళ్లీ అందుకుంది.

ఇక ఆదివారం. ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ రేస్ ట్రాక్‌కు డల్లాస్ నుంచి ఐ-35 మీద వెళ్లాను. అక్కడ 16, 17, 18 మలుపులు కలిసి ఒకే పొడవాటి కుడి మలుపులా ఉంటాయి. కారు బరువంతా ఎడమ ముందు టైరు మీద పడి చాలాసేపు అలాగే ఉంటుంది. మూడో రౌండులో సరిగ్గా దాని మధ్యలో, యాక్సిలరేటర్ మీద కాలు కదల్చకుండా పట్టుకుని ఉండగా ఇంజిన్ టపటపమని ఆగింది, అందుకుంది, మళ్లీ ఆగింది. ముక్కు లోపలికి లాగింది, వెనక భాగం తేలిపోయింది. గుండె ఝల్లుమంది. స్టీరింగ్ తిన్నగా చేసి మెల్లగా పక్కకు తీసుకొచ్చాను.

ఈసీయూ రాసి పెట్టుకున్న లాగ్ చూస్తే కారణం ఎదురుగా ఉంది. ఎడమ ముందు చక్రం వేగం ఉన్నట్టుండి సగానికి పడిపోతోంది. ముందు చక్రాలు రెండింటి సగటుతో వెనక వాటిని పోల్చమని ఈసీయూకు నేనే చెప్పి ఉన్నాను. సగటు తగ్గితే వెనక చక్రాలు జారుతున్నట్టే దానికి లెక్క, అందుకే ఇంజిన్‌కు కోత పెట్టింది. మామూలు రోడ్డు మీద ఎంత తిరిగినా ఈ తేడా రాదు. ఎడమ మలుపుల్లో రాదు. పొడవాటి కుడి మలుపులోనే.

అనుమానం వైరు మీదికే పోయింది. చక్రం ఊగేచోట లోపల తెగిందేమోనని ఆ ముక్క మార్చాను. కనెక్టర్ మార్చాను. సెన్సర్ కూడా మార్చాను. రెండు వారాంతాలు, రెండు ట్రాక్ ఫీజులు పోయాయి. సెన్సర్ విప్పినప్పుడు దాని మొనకు ఇనుప రజను గడ్డంలా నిక్కబొడుచుకుని ఉంది. బ్రేకు డిస్కు పొడి అనుకుని తుడిచేశాను. వేలికి అంటుకున్న రజనులో వెంట్రుక మందాన తళతళలాడే పొరలు కూడా ఉన్నాయి. అప్పుడు వాటి గురించి ఆలోచించలేదు.

మేనకోడలి స్నాతకోత్సవానికి మా బావ వచ్చాడు. తెనాలిలో మోటార్ల రివైండింగ్ షాపు ఆయనది, కార్లతో సంబంధం లేదు. గ్యారేజీలో కారు జాకీ మీద ఎత్తి, ఆసిలోస్కోప్ తగిలించి, "బావా, కొంచెం మెల్లగా తిప్పు" అన్నాను. తెర మీద తరంగం వచ్చింది. ఒక పక్క పళ్లకు ఎత్తుగా, అరచుట్టు తిరిగేసరికి చిన్నబోయి, మళ్లీ ఎత్తుగా. ఊపిరి తీసి వదులుతున్నట్టు.

బావ వచ్చి తెర చూశాడు. "ఒరేయ్, వైరు తెగితే మధ్యలో ఖాళీ రావాలిగా? ఇలా తగ్గుతూ పెరుగుతూ ఎందుకొస్తుంది? బేరింగ్ చూశావా?" అన్నాడు. పొలం మోటార్లలో బేరింగ్ అరిగితే రోటార్ ఓ పక్కకు వాలుతుందట, గ్యాప్ ఒకవైపు తగ్గి మరోవైపు పెరుగుతుందట. "ఆట అంతా ఆ గ్యాప్‌లోనే ఉందిరా" అన్నాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. చేతికి అందీ అందనంత టక్కు. నేను పట్టుకుంటే నాకూ తెలిసింది.

సందులు కొలిచే సన్నటి రేకులు, అదే ఫీలర్ గేజి, పెట్టి కొలిచాను. రింగుకూ సెన్సర్‌కూ మధ్య ఒకచోట 0.6 మిల్లీమీటర్లు, ఎదురుచోట 1.1. ఆ హబ్ (చక్రం బిగించే భాగం, బేరింగ్ అందులోనే ఉంటుంది) ఏడాదిన్నర కిందట ఒక షాపులో చవగ్గా దొరికితే కొన్నది. పాత హబ్ మీది రింగును దానికి మార్చి ప్రెస్ చేయించినప్పుడు కొంచెం వంకరగా కూర్చుంది. దానికి తోడు బేరింగ్ వదులైంది. బరువు పడ్డప్పుడు ఆ ఎడం ఇంకా పెరిగేది. తరంగాన్ని పల్సులుగా మార్చే ఆ చిప్పు అంతకుముందు చూసిన శిఖరంలో మూడో వంతు ఎత్తు దాటిన తరంగాన్నే పన్నుగా ఒప్పుకుంటుంది. చిన్నబోయిన పళ్లన్నిటినీ వదిలేసేది.

ఆ బేరింగ్ అప్పటికి కూత పెట్టలేదు. నా చెవికి అందకముందే సెన్సర్ పట్టేసింది. అదే బేరింగ్ ట్రాక్ మీద నూరు మైళ్ల వేగంలో చేతులెత్తేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తప్పుడు లెక్క ఇస్తోందని రెండు వారాంతాలు నేను తిట్టుకున్నది, అసలు నిజం చెబుతున్న సెన్సర్‌ను. కొత్త హబ్ వేసి, రింగును డయల్ గేజి పెట్టి నిటారుగా కూర్చోబెట్టించాక తరంగం గీత గీసినట్టు సమంగా వచ్చింది. ఇప్పుడు ప్రతి ట్రాక్ రోజుకు ముందూ నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి తరంగం చూస్తాను. ఈసీయూలో కూడా సగటు తీసేసి, ముందు చక్రాల్లో ఎక్కువ వేగం చూపించేదాన్నే తీసుకోమని మార్చాను. ఒక సెన్సర్ మూగబోయినా మలుపు మధ్యలో ఇంజిన్ కోత పడదు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సంగతులు చెప్పకపోతే అన్యాయం. గంటకు ఐదారు మైళ్ల లోపు ఇవి నాకు దాదాపు ఏమీ చెప్పవు, తరంగం అంత బలహీనంగా ఉంటుంది. నిలబడ్డ చోటు నుంచి దూకించే లాంచ్ కంట్రోల్‌కు వీటిని నమ్మలేం. నేను డ్రాగ్ రేసులకు పోను కాబట్టి నాకు సరిపోయింది. నేను పొగిడిన కవచం కేబుల్ కూడా టెక్సాస్ ఎండలకు బిరుసెక్కింది. చక్రం తిరిగేచోట రెండేళ్లకు పై తొడుగు పగిలితే ఆ అడుగున్నర ముక్క మార్చాను. ఈసారి ఒంపు కొంచెం వదులుగా వేశాను. మొనకు పట్టే రజనును ఏడాదికి రెండుసార్లు తీయాలి. గుడ్డతో తుడిస్తే రాదు, టేపు జిగురు వైపు అద్ది లాగితే వస్తుంది. ఆ రజనులో తళతళలాడే పొరలు కనిపిస్తే ఇప్పుడు మాత్రం వదిలిపెట్టను.

ఏబీఎస్ తీసేయమని ఎవరికీ చెప్పను. నా కారు ఏడాదికి ఆరేడు ట్రాక్ రోజులు, కొన్ని ఆదివారాలు మాత్రమే బయటికి వస్తుంది. పిల్లలను బడికి దింపే కారైతే ఆ పంపు ముట్టుకునేవాణ్ని కాదు. మీ కారులో ఈ పాత సెన్సర్లు, రింగులు ముందే ఉంటే వాడుకోండి, వంద డాలర్ల లోపు పని. ఏబీఎస్ లేని కారుకు ఇప్పుడు కొత్తగా పెట్టాలంటే మాత్రం నేనైతే మూడు తీగల హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే చిప్పు ఉన్నది) వైపు వెళతాను. మెల్లగా దొర్లే చక్రాన్ని కూడా అది లెక్కపెడుతుంది. బేరింగ్ సంగతి ముందుగా చెప్పే ఆ తరంగం మాత్రం అందులో కనిపించదు, పల్సు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

వచ్చే నెల కుడి ముందు హబ్ కూడా మారుస్తున్నాను. దాని తరంగం ఇప్పటికైతే సమంగానే ఉంది. కానీ అదీ ఆ షాపులోనే, అదే రోజు కొన్నది.